ర్యాంకు వచ్చాక మెంటర్ దగ్గర ఏం నేర్చుకోవాలి: ఈఏపీసెట్ వెబ్ కౌన్సెలింగ్‌కు సమగ్ర మార్గదర్శి

తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష అయిన ఈఏపీసెట్ ఫలితాలు వచ్చిన సాయంత్రం ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న. తెలిసిన సీనియర్‌కి ఫోన్ చేసి, "అక్కా, నా ర్యాంకుకి ఏ కాలేజీ వస్తుంది?" అని అడుగుతారు. ఆ అక్క రెండు పేర్లు చెబుతుంది, పని అయిపోయిందనుకుంటారు. మొదటి విడతలో అనుకున్నది రాకపోతే మళ్లీ ఫోన్, రెండో విడతకు ఏం పెట్టాలని మళ్లీ అదే ప్రశ్న. ఈ పద్ధతిలో విద్యార్థి చేతికి కాలేజీ పేర్లు వస్తాయి తప్ప కౌన్సెలింగ్ ఎలా నడుస్తుందో అర్థం కాదు.

మెంటర్ ఉన్నది ఆప్షన్ల జాబితా, అంటే ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో వరుసగా చెప్పే జాబితా, రాసిచ్చేందుకు కాదు. ఆ జాబితాను విద్యార్థే వేసుకునేలా, వేసిన ప్రతి ఆప్షన్‌కు కారణం చెప్పగలిగేలా చేసేందుకు. దానికి రోజుకు గంటన్నర, రెండు గంటల చొప్పున నాలుగైదు సార్లు కూర్చుంటే సరిపోతుంది. ఏ రోజు ఏం నేర్చుకోవాలో, ఎక్కడ తప్పులు జరుగుతాయో వరుసగా చూద్దాం.

ముందుగా: ఎవరిని అడగాలి

ఇద్దరు ఉంటే మంచిది. ఒకరు గత రెండేళ్లలో ఇదే కౌన్సెలింగ్‌లో సీటు తెచ్చుకున్నవారై ఉండాలి. వీలైతే మీ కేటగిరీ, మీ లోకల్ ఏరియా వాళ్లే అయితే ఇంకా మేలు. ఓసీ అబ్బాయి అనుభవం బీసీ-డీ అమ్మాయికి సగమే పనికొస్తుంది. ఇంకొకరు మీరు చదవాలనుకుంటున్న బ్రాంచిలో మూడో ఏడాదో, నాలుగో ఏడాదో చదువుతూ ఉండాలి. మొదటి మనిషికి పద్ధతి తెలుసు, రెండో మనిషికి చదువు తెలుసు. రెండూ తెలిసిన ఇంటర్ లెక్చరర్ దొరికితే అదృష్టమే.

మెంటర్ వేషంలో వచ్చే ఏజెంటును గుర్తుపట్టడం కష్టం కాదు. మొదటి మాటలోనే ఒక కాలేజీ పేరు చెబుతాడు. "ఈ రోజే సీటు బ్లాక్ చేసుకోవాలి" అంటాడు. పాస్‌వర్డు, ఓటీపీ, ఒరిజినల్ సర్టిఫికెట్లలో ఏదో ఒకటి అడుగుతాడు. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు ఈ కౌన్సెలింగ్‌లో నింపే కన్వీనర్ కోటావి, మిగతా 30 శాతం మేనేజ్‌మెంట్ కోటావి. కన్వీనర్ సీటును ఇచ్చేది ర్యాంకు, మీరు పెట్టిన ఆప్షన్లు మాత్రమే. దాన్ని ఇప్పిస్తానని ఎవరైనా అంటే అక్కడితో మాట ఆపేయండి.

మొదటి మెట్టు: సర్టిఫికెట్లు

ఇది విసుగు పుట్టించే పనే. కానీ కౌన్సెలింగ్‌లో పనంతా ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. ర్యాంకు వచ్చేదాకా ఆగకుండా పరీక్ష రాసిన వారంలోనే మొదలుపెట్టండి. కావలసినవి: పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, ఆధార్, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, హాల్ టికెట్, ర్యాంకు కార్డు. ఈడబ్ల్యూఎస్, ఎన్‌సీసీ, స్పోర్ట్స్, క్యాప్ (సైనికుల పిల్లలు), దివ్యాంగుల కోటాలు ఉంటే వాటి పత్రాలు అదనం.

ఇవన్నీ బల్ల మీద పరిచి, ఒక్కో కాగితాన్ని మెంటర్‌కు మీరే వివరించండి. పదో తరగతి మెమోలో ఉన్న పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ మిగతా కాగితాల్లో అక్షరం తేడా లేకుండా ఉన్నాయా? స్టడీ సర్టిఫికెట్లలో మధ్యలో ఏ ఏడాదైనా జారిపోయిందా? చదివిన స్కూలు మూతబడితే ఆ ఏడాదికి ఏం పెట్టాలో ముందే సర్టిఫికెట్లు సరిచూసే హెల్ప్‌లైన్ సెంటర్‌లో కనుక్కోవాలి, వెరిఫికేషన్ రోజున కాదు. తెలంగాణలో ఆదాయ ధ్రువీకరణ ఆ ఏడాది జనవరి 1 తరువాత ఇచ్చినదై ఉండాలి. పాతది తీసుకెళ్తే ఫీజు రీయింబర్స్‌మెంట్ అర్హత నమోదు కాక, అలాట్‌మెంట్ లెటర్‌లో మొత్తం ట్యూషన్ ఫీజు కట్టమని వస్తుంది.

స్థానికతకు ఈ స్టడీ సర్టిఫికెట్లే ఆధారం. 85 శాతం సీట్లు స్థానికులకే గనుక ఇక్కడ పొరపాటు పడితే ర్యాంకు ఎంత మంచిదైనా నష్టమే. విభజన చట్టం చెప్పిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. 2025 నుంచి తెలంగాణలో స్థానికత నిబంధనలు మారాయి. కాబట్టి హైదరాబాద్‌లో ఇంటర్ చదివిన ఆంధ్ర పిల్లలు, విజయవాడలో చదివిన తెలంగాణ పిల్లలు సీనియర్ మాట మీద ఆధారపడకుండా ఆ ఏటి నోటిఫికేషన్‌ను తామే చదవాలి.

ఇంకో చిక్కు. రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ వేరు, ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్ల కోసం జరిగే జోసా కౌన్సెలింగ్‌లో అడిగే కేంద్ర ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ వేరు. రెండోది ఆ ఏడాది ఏప్రిల్ 1 తరువాత తీసుకున్నదై ఉండాలి. రాష్ట్ర బీసీ జాబితాలోని కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు కూడా. ఎన్‌ఐటీల వైపు చూసేవాళ్లు ఇది ముందే సరిచూసుకోవాలి. ఎస్సీ విద్యార్థులకు 2025 నుంచి రెండు రాష్ట్రాల్లోనూ ఉపవర్గీకరణ వచ్చింది. తాము ఏ గ్రూపులో ఉన్నారో తెలిస్తే తప్ప పాత పట్టికలను సరిగా అర్థం చేసుకోలేరు.

రెండో మెట్టు: లాస్ట్ ర్యాంకు పట్టిక చదవడం

మెంటర్ దగ్గర నేర్చుకోవలసిన వాటిలో అన్నిటికన్నా విలువైనది ఇదే. తొందరపడకండి, దీనికే ఒక పూట పూర్తిగా ఇవ్వండి.

అధికారిక వెబ్‌సైటులో ప్రతి ఏటా లాస్ట్ ర్యాంకుల పట్టిక, అంటే ఒక్కో బ్రాంచిలో ఒక్కో కేటగిరీకి చివరి సీటు ఏ ర్యాంకుకు వెళ్లిందో చూపే పట్టిక, పెడతారు. కాలేజీ కోడ్, ఊరు, కో-ఎడ్యుకేషనా బాలికల కాలేజీయా, బ్రాంచి కోడ్, ఆ తరువాత ఒక్కో కేటగిరీకి అబ్బాయిలకు ఒక గడి, అమ్మాయిలకు ఒక గడి, చివర ట్యూషన్ ఫీజు, ఏ యూనివర్సిటీకి అనుబంధమో ఉంటాయి. విడతకో పట్టిక ఉంటే అన్నీ దించుకోండి. కనీసం రెండేళ్లవి కావాలి. యూట్యూబ్‌లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరిగే పీడీఎఫ్‌లలో ఏ విడతదో, ఏ ఏటిదో తెలియని అంకెలు ఉంటాయి. వాటి జోలికి పోకండి.

మొదట చాలామంది చేసే పొరపాటు, తమ గడి ఒక్కటే చూసుకోవడం. ఓపెన్ సీట్లు అందరివీ. రిజర్వేషన్ ఉన్న విద్యార్థిని కూడా మెరిట్‌ను బట్టి ముందు వాటిలో చూస్తారు. అమ్మాయిలకు కేటాయించినవి కాక మిగతా సీట్లలోనూ అమ్మాయిలు పోటీలో ఉంటారు. అందుకే బీసీ-డీ అమ్మాయి చూడవలసినవి నాలుగు గడులు: ఓసీవి రెండు, బీసీ-డీవి రెండు.

తరువాతది లెక్క. పెన్ను పట్టుకుని మీరే వేయండి. ఒక ప్రైవేటు కాలేజీలో ఒక బ్రాంచికి 60 సీట్లు ఉన్నాయనుకుందాం. కన్వీనర్ కోటా 70 శాతం, అంటే 42. బీసీ-డీకి 7 శాతం, అంటే సుమారు 3. అందులో మూడో వంతు అమ్మాయిలకు, అంటే 1. ఆ గడిలో కనిపించే లాస్ట్ ర్యాంకు ఆ ఒక్క సీటు తీసుకున్న ఒక్క అమ్మాయి ర్యాంకు. ఆమె ఆ ఏడాది చేరకపోయి ఉంటే ఆ అంకె వేలల్లో జరిగి ఉండేది. అందుకే ఇలాంటి గడిలో ఒక ఏడాది 14,000, మరో ఏడాది 23,000 కనిపించినా ఆశ్చర్యం లేదు. అదే 180 సీట్ల బ్రాంచిలో ఓసీ గడి అయితే అంకె అంతగా ఊగదు. "గత ఏడాది 14,000 దగ్గర ఆగింది, నాది 15,000 కదా, పెట్టి లాభం లేదు" అని కొట్టేసేవాళ్లు ఈ లెక్క వేయనివాళ్లే.

గడి ఖాళీగా ఉంటే సీటు లేదని అర్థం చేసుకోకండి. ఆ విడతలో ఆ కేటగిరీ కింద ఎవరికీ సీటు వెళ్లలేదని మాత్రమే అర్థం.

అంకెలు ఎందుకు మారతాయో మెంటర్‌ను అడిగి రాసుకోండి. కాలేజీ సీఎస్ఈలో కొత్త సెక్షన్లు తెచ్చుకుంటే లాస్ట్ ర్యాంకు వెనక్కి జరుగుతుంది, అంటే అంకె పెరుగుతుంది. పేరున్న కాలేజీ ప్రైవేటు యూనివర్సిటీగా మారి ఈ పూల్ నుంచి బయటికి పోతే పక్క కాలేజీల్లో పోటీ పెరుగుతుంది. ఫీజు పెరిగితే కొందరు తప్పుకుంటారు. జోసాలో సీటు వచ్చినవాళ్లు వదిలేసిన సీట్లు తరువాతి విడతల్లో కలుస్తాయి గనుక చివరి విడత లాస్ట్ ర్యాంకులు మొదటి విడత కన్నా సాధారణంగా వదులుగా ఉంటాయి. చివరి విడత పట్టిక చూసి మొదటి విడతలోనే అది వస్తుందనుకుంటే నిరాశే మిగులుతుంది.

మూడో మెట్టు: వరుస

కంప్యూటర్ ఏం చేస్తుందో ఒక్కసారి సరిగ్గా అర్థమైతే సగం భయాలు పోతాయి. ర్యాంకు 1 నుంచి ఒక్కొక్కరినీ తీసుకుంటుంది. మీ వంతు వచ్చినప్పుడు మీ ఒకటో ఆప్షన్ చూస్తుంది. అందులో మీకు వర్తించే సీటు మిగిలి ఉంటే ఇస్తుంది, లేకపోతే రెండోది చూస్తుంది. అంతే. మీ ర్యాంకుకి అందని కాలేజీని ఒకటో స్థానంలో పెట్టినా కింది ఆప్షన్లకు ఏ నష్టమూ లేదు. ఫలానా కాలేజీని ఒకటోదిగా పెట్టినవాళ్లకే ముందు ఇస్తారన్న మాట వట్టిది. ఇరవయ్యో ఆప్షన్‌గా పెట్టినవాడి ర్యాంకు మెరుగైతే సీటు వాడిదే.

అందువల్ల వరుస మీ ఇష్టాన్ని బట్టి ఉండాలి, వచ్చే అవకాశాన్ని బట్టి కాదు. "వచ్చేది పైన పెట్టు, రానిది కింద పెట్టు" అని చెప్పే మెంటర్ దొరికితే మెంటర్‌ను మార్చుకోండి. ఖాయంగా వచ్చే కాలేజీని పైన పెడితే అదే వస్తుంది. దాని కింద ఉన్న మంచి కాలేజీలో మీకు సీటు ఉన్నా కంప్యూటర్ అక్కడిదాకా రాదు. లాస్ట్ ర్యాంకు పట్టిక చెప్పేది జాబితా కింది వైపు ఎంత దూరం వెళ్లాలన్నది మాత్రమే. ర్యాంకు 18,000 అయితే, మీ గడిలో రెండేళ్లూ 30,000 దాటాకే మూసుకున్న కాలేజీలు కనీసం ఎనిమిది, పది జాబితాలో ఉండేదాకా కిందికి వెళ్లండి. ఆప్షన్ల సంఖ్యకు పరిమితి లేదు, ఆప్షన్‌కు రుసుమూ లేదు. పదిహేను పెట్టి ఆపేసినవాళ్లే ఎక్కడా సీటు రాలేదని వాపోతారు.

వరుస తేల్చడానికి చీటీల పద్ధతి బాగా పనిచేస్తుంది. ఒక్కో చీటీ మీద కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్, ఫీజు, ఇంటి నుంచి దూరం రాయండి. అరవై నుంచి వంద చీటీలు అవుతాయి. మొదటి చీటీ బల్ల మీద పెట్టండి. రెండోది తీయగానే మెంటర్ అడిగే ప్రశ్న ఒక్కటే: "రెండూ నీ చేతిలో పెడితే ఏది తీసుకుంటావు?" జవాబును బట్టి పైనో కిందో పెట్టండి. ఇలా ప్రతి చీటీకీ దాని చోటు వెతకండి. మెంటర్ "ఎందుకు?" అని అడగాలి, జవాబు మాత్రం చెప్పకూడదు. ముప్పయ్యో చీటీ దగ్గరకు వచ్చేసరికి విద్యార్థి తన ఇష్టాలను తానే పట్టుకుంటాడు. మంచి కాలేజీలో ఈఈఈనా, మామూలు కాలేజీలో సీఎస్ఈనా అన్న ప్రశ్న ఈ బల్ల మీదే తేలాలి. మేనమామ ఫోన్‌లో తేలకూడదు.

ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది: వస్తే చేరనిదాన్ని పెట్టవద్దు. అమ్మాయిని హాస్టల్‌లో ఉంచే ఉద్దేశం ఇంట్లో లేకపోతే రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న కాలేజీ ఎంత గొప్పదైనా జాబితాలో ఎందుకు? ఈ మాట తల్లిదండ్రులతో చీటీల ముందే మాట్లాడుకోవాలి.

నాలుగో మెట్టు: కాలేజీని తరచి చూడటం

న్యాక్, ఎన్‌బీఏ రెండూ నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థలు. న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానిది. ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచికి బ్రాంచికి విడిగా ఇస్తారు. గేటు మీద ఎన్‌బీఏ అని రాసి ఉన్నా అది మెకానికల్‌కే ఉండి, మీరు చేరబోయే డేటా సైన్స్‌కు లేకపోవచ్చు. ఎన్‌బీఏ వెబ్‌సైటులో బ్రాంచి పేరుతో, గడువు తేదీతో సహా చూడండి.

అధ్యాపకుల లెక్క కూడా కష్టం కాదు. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ప్రమాణం 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు. ఒక బ్రాంచిలో ఏడాదికి 180 మంది చొప్పున రెండో ఏడాది నుంచి నాలుగో ఏడాది దాకా 540 మంది ఉంటే, ఆ విభాగంలో సుమారు 27 మంది ఉండాలి. కాలేజీ వెబ్‌సైటులో పేర్లు లెక్కపెట్టి, అక్కడ చదివే రెండో ఏడాది విద్యార్థిని "వీళ్లలో మీకు పాఠం చెప్పినవాళ్లు ఎందరు?" అని అడగండి. జవాబు చాలా విషయాలు చెబుతుంది.

ప్లేస్‌మెంట్ల గురించి కాలేజీ బ్రోచర్‌లో కనిపించేది అత్యధిక ప్యాకేజీ. మీరు అడగవలసినవి వేరే: ఈ బ్రాంచి నుంచి ఎంతమంది విద్యార్థులకు ఉద్యోగం వచ్చింది, ఎన్ని ఆఫర్లు వచ్చాయన్నది కాదు. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే మూడుగా చెప్పుకునే అలవాటు ఉంది. మధ్యస్థ జీతం ఎంత? కాలేజీకి వెళ్తే మామూలు పని రోజున వెళ్లండి, ఫెస్టు రోజున కాదు.

ఇక డబ్బు. తెలంగాణలో అర్హత ఉన్న బీసీ, ఈబీసీ విద్యార్థులకు ర్యాంకు 10,000 లోపు ఉంటే ట్యూషన్ ఫీజు మొత్తం వస్తుంది. దాటితే చాలా కాలంగా ఏటా 35,000 రూపాయలే. కాలేజీ ఫీజు 1,20,000 అయితే ఏటా చేతి నుంచి 85,000, నాలుగేళ్లకు 3,40,000 రూపాయలు. దీనికి బస్సు, హాస్టల్, ప్రత్యేక రుసుములు కలపండి. ఈ అంకె చీటీ వెనక ఉండాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకూ, ఆంధ్రప్రదేశ్‌కూ నియమాలు వేరు. ఆ ఏటి ఉత్తర్వులు చూసుకోవాలి. యూనివర్సిటీ కాలేజీల్లో రెగ్యులర్ సీటు పక్కనే సెల్ఫ్ ఫైనాన్స్ సీటు ఉంటుంది. పేరు ఒకటే, ఫీజు మాత్రం బాగా ఎక్కువ.

అయిదో మెట్టు: ఆప్షన్లు ఎక్కించే రోజు

ప్రాసెసింగ్ ఫీజు ఇటీవలి సంవత్సరాల్లో 1,200 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 600. తెలంగాణలో స్లాట్ బుక్ చేసుకుని హెల్ప్‌లైన్ సెంటర్‌లో వెరిఫికేషన్ పూర్తి చేసుకుంటేనే లాగిన్ వస్తుంది. మొబైల్ నంబరు విద్యార్థిదో తల్లిదండ్రులదో ఉండాలి, ఇంటర్నెట్ సెంటర్ వాళ్లదో కాలేజీ పీఆర్‌ఓదో కాదు. ఓటీపీ వెళ్లేది ఆ నంబరుకే. మీ వరుసను ఇంకొకరు మార్చే దారి కూడా అదే.

చీటీల వరుసను ముందు కాగితం మీద నంబర్లతో రాసుకోండి. ఫోన్ మీద కాకుండా కంప్యూటర్ మీద ఎక్కించండి. మెంటర్ కాగితం చూసి కోడ్ పైకి చదవాలి, విద్యార్థి టైపు చేయాలి. పాస్‌వర్డు కొట్టేటప్పుడు మెంటర్ పక్కకు తిరగాలి, ఎంత దగ్గరివాళ్లైనా సరే. ప్రతి ఇరవై ఆప్షన్లకు ఒకసారి సేవ్ చేయండి. తప్పులు జరిగేది కోడ్‌ల దగ్గరే. సీఎస్ఈ, సీఎస్ఎం (ఏఐ-ఎంఎల్), సీఎస్‌డీ (డేటా సైన్స్), సీఎస్‌సీ (సైబర్ సెక్యూరిటీ) నాలుగూ వేరు వేరు బ్రాంచిలు, తేడా చివరి అక్షరంలోనే. ఒకే యాజమాన్యం కింద దగ్గర దగ్గర పేర్లతో మూడు నాలుగు కాలేజీలు ఉంటాయి. బాలికల కాలేజీనీ కో-ఎడ్ కాలేజీనీ తారుమారు చేయడమూ మామూలే.

పూర్తయ్యాక ప్రింటు తీసి, లాగౌట్ చేసి, మళ్లీ లాగిన్ అయి కాగితంతో పోల్చండి. తెలంగాణలో 2025లో మాక్ అలాట్‌మెంట్, అంటే నమూనా సీట్ల కేటాయింపు, తెచ్చారు. మీ ఏడాది అది ఉంటే దాన్ని చూసి వరుస సరిదిద్దుకోవచ్చు, అయితే అందులో వచ్చిందే చివరికీ వస్తుందన్న హామీ లేదు. గడువు చివరి గంట కోసం ఎదురుచూడకండి, సర్వర్ మీ కోసం ఆగదు.

ఆరో మెట్టు: అలాట్‌మెంట్ తరువాత

సీటు రాగానే గడువు లోపల ఫీజు కట్టి, ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్, అంటే సీటు తీసుకుంటున్నట్టు నమోదు, చేయాలి. కట్టవలసింది సున్నా అని చూపినా సెల్ఫ్ రిపోర్టింగ్ తప్పదు. చేయకపోతే సీటు పోతుంది.

రెండో విడత దగ్గర మెంటర్ మరోసారి కూర్చోవాలి, ఎందుకంటే ఇక్కడ నియమం తిరగబడుతుంది. తెలంగాణలో పాత ఆప్షన్లు ముందుకు రావు, కొత్తగా పెట్టాలి. కొత్త విడతలో ఏ ఆప్షన్ వచ్చినా చేతిలో ఉన్న సీటు దానంతట అదే రద్దవుతుంది, తిరిగి అడిగే వీలు లేదు. అందుకే మొదటి విడతలో పొడవుగా ఉన్న జాబితా రెండో విడతలో పొట్టిగా ఉండాలి: చేతిలో ఉన్నదాని కన్నా నిజంగా మెరుగైనవి మాత్రమే. చేతిలో ఉన్న సీటే చాలనుకుంటే ఏమీ పెట్టకుండా ఉండటమే సరైన పని.

జోసాలోనూ ఉన్నవాళ్లు ఒక మాటతో గందరగోళపడతారు. అక్కడ ఫ్రీజ్ అంటే వచ్చిన సీటుతో ఆగిపోవడం. ఇక్కడ ఫ్రీజ్ అంటే ఆప్షన్ల జాబితాకు తాళం వేయడం. రెండు కౌన్సెలింగ్‌ల తేదీలు పక్కపక్క గడుల్లో రాసి గోడకు అంటించండి.

చివరి విడత తరువాత అదే కాలేజీలో బ్రాంచి మార్చుకునే ఇంటర్నల్ స్లైడింగ్, ఆపైన మిగిలిన సీట్లకు కాలేజీలోనే జరిగే స్పాట్ అడ్మిషన్లు ఉంటాయి. స్పాట్‌లో చేరినవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. "బ్రాంచి మారుస్తాం, స్పాట్‌లో రండి" అని కాలేజీ పిలిస్తే, ముందు అడగవలసింది ఈ సంగతే.

అలాట్‌మెంట్ లెటర్‌లో రీయింబర్స్‌మెంట్ అర్హత కనిపించినంత మాత్రాన డబ్బు దానంతట అది రాదు. తెలంగాణలో స్కాలర్‌షిప్‌ల పోర్టల్ ఈ-పాస్‌లో కాలేజీ ద్వారా విడిగా దరఖాస్తు చేయాలి, ఏటా రెన్యువల్ చేయాలి, హాజరు 75 శాతం ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పని జ్ఞానభూమి పోర్టల్ ద్వారా జరుగుతుంది. క్లాసులు మొదలైన నెలలోపు ఆ దరఖాస్తు నంబరు తీసుకుని, సర్టిఫికెట్ల ఫైల్‌లో మొదటి కాగితంగా పెట్టుకోండి.